గొట్టంలో మబ్బు పోవాలని చేసిన దువా

సకల స్తుతులూ సృష్టికర్తకే. కంటికి కనిపించే కొండల్నీ, కంటికి ఆనని పోగుల్నీ ఒకే శ్రద్ధతో చేసినవాడికి. మెదడు లోపల ఒక్కో ప్రోటీనుకు ఒక్కో మడత నేర్పినవాడికి. ఆ మడత ఎక్కడ తప్పుతుందో దాచిపెట్టి, వెతుక్కోమని మనిషికి బుద్ధినిచ్చినవాడికి. నాకు ఆ బుద్ధి ఇచ్చేటప్పుడు మాత్రం చేయి కాస్త వెనక్కి లాగినట్టున్నాడు. అందుకూ స్తుతులే. లేకపోతే మీకు చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

పాఠకులారా, ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక సర్వనాశనం. రియాద్ నగరంలో, పట్టపగలు, పూర్తి స్పృహలో, వజూ చేసుకుని, అంటే నమాజుకు చేసినట్టు కాళ్లూ చేతులూ కడుక్కుని మరీ, ఒక శాస్త్రవేత్త కష్టాన్ని సబ్బు నీళ్లలో కలిపేసిన వైనం. అంతకు ముందు రోజు, ఆ నాశనం సవ్యంగా జరగాలని ఒక గదినిండా ఉన్న విశ్వాసుల చేత ఆమీన్ అనిపించిన వైనం. నవ్వే ముందు ఒక్కసారి ‘దేవుడు ఇతన్ని క్షమించుగాక’ అనుకోండి. అనుకున్నారా? సంతోషం. ఇక మీ ఇష్టం వచ్చినట్టు నవ్వుకోవచ్చు.

నా పేరు దస్తగిరి. మాది ప్రొద్దుటూరు. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాదులో ఎంజైములు తయారుచేసే ఒక కంపెనీలో కొంతకాలం పనిచేశాను. అక్కడ నాకు నూరిపోసిన సూత్రం ఒక్కటే. ప్రోటీను కలిపిన నీళ్లు తేటగా ఉంటే అది బతికున్నట్టు, మసకబారితే చచ్చినట్టు. మసకేసిన సీసా ఎవరి చేతిలో కనబడితే వాళ్లను మా మేనేజరు కాటికాపరిని చూసినట్టు చూసేవాడు. దాన్ని పారబోసి, సీసా కడిగి, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

ఆ సూత్రాన్ని పాస్‌పోర్టుతో పాటు జేబులో పెట్టుకుని రియాద్‌లో దిగాను. ఒక యూనివర్సిటీ ప్రయోగశాలలో టెక్నీషియన్ ఉద్యోగం. ల్యాబ్ పెద్ద డాక్టర్ హుదా, సౌదీ ఆవిడ. చాలా తక్కువ మాట్లాడేది, మాట్లాడినప్పుడు ఎదుటివాళ్లు నిలబడిపోయేవాళ్లు. ఆమె దగ్గర పరిశోధన చేసే సుజాత మేడమ్ మన గుంటూరావిడ. పార్కిన్సన్స్ జబ్బు, అంటే చేతులూ కాళ్లూ వణికే జబ్బు, మెదడులో ఎలా పాకుతుందన్నది ఆమె పని. ఆమెకు సాయంగా నేను. ఉద్యోగంలో చేరి ఇంకా నెల నిండలేదు. కొత్తవాడిని కాబట్టి నాకూ ఒక జబ్బు ఉండేది. ఎవరేం చెప్పినా “తెలుసు మేడమ్” అనడం.

ఆ గురువారం సాయంత్రం సుజాత మేడమ్ నన్ను షేకర్ దగ్గరికి పిలిచింది. షేకర్ అంటే గొట్టాల్ని వెచ్చగా ఉంచి, ఆపకుండా ఊపే పెట్టె. అందులో ఆమెది ఒకే ఒక్క గొట్టం, నాలుగైదు రోజులుగా ఊగుతోంది.

“దస్తగిరీ, ఇది ఆల్ఫా సైన్యూక్లిన్. రీకాంబినెంట్. మనిషి జీన్ తీసి బ్యాక్టీరియాలో పెట్టి చేయించాం.”

“తెలుసు మేడమ్.”

“మనిషి ఒంటి వేడిలోనే ఉండాలి. ఊపడం ఆగకూడదు. రోజూ వచ్చి మూత గట్టిగా ఉందో లేదో చూసి వెళ్లు, చాలు. ఇంకేం ముట్టుకోకు.”

“తెలుసు మేడమ్.”

“ఎందుకు ఊపుతున్నామో తెలుసుగా?”

తెలియదు. అల్లా సాక్షిగా తెలియదు. దగ్గుమందు సీసాను ఊపినట్టు, అడుగున పేరుకోకుండా ఊపుతున్నారని అనుకున్నాను.

“తెలుసు మేడమ్.”

“హమ్మయ్య. చూడూ, ఎలుకల నుంచి తీసి డిష్‌లలో పెంచుతున్న నాడీకణాలు ఈ వారానికే సరైన వయసుకొచ్చాయి. మంగళవారం దాటితే ముదిరిపోతాయి. ఈలోగా ఇది వాటికి అందాలి. అందకపోతే మళ్లీ ఎలుకలకి పర్మిషన్ తెచ్చుకునేసరికి నెలలు పడుతుంది. నా కాంట్రాక్టు అంతకుముందే అయిపోతుంది. అప్పుడిక నేను గుంటూరెళ్లి మిరపకాయలు ఎండబెట్టుకోవడమే.”

“మీరు నిశ్చింతగా వెళ్లిరండి మేడమ్. నేనున్నాను కదా.”

పాఠకులారా, ఆమె నిజంగానే నిశ్చింతగా వెళ్లింది. ఆమె భర్త రాస్ తనూరా అనే ఊళ్లో, చమురు శుద్ధి కర్మాగారానికి పనిచేసే ఒక కాంట్రాక్టరు దగ్గర ఇంజనీరు. శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి అక్కడికి బయల్దేరింది.

ఆమె వెళ్లాక నేను ఆ గొట్టం ముందు కాసేపు నిలబడ్డాను. అందులో ఉన్నది మంచినీళ్లలాగే ఉంది. కానీ అది మనిషి మెదడులో ఉండే ప్రోటీను. చేసింది ఎవరు? మెదడన్నదే లేని ఒక క్రిమి. కళ్లు లేవు, చేతుల్లేవు, తాను చేస్తున్నదేమిటో తనకు తెలియదు. మనిషి కోసం రాసిన ఆజ్ఞను దాని లోపల పెడితే, ఒక్క అక్షరం తప్పకుండా పాటించింది. నేను చదువుకున్నవాడినే, పుస్తకాల్లో ఇదంతా పరీక్షకు రాసినవాడినే. అయినా ఆ సాయంత్రం నా ఒళ్లు జలదరించింది. సుబ్హానల్లాహ్, దేవుడెంత గొప్పవాడు అనుకుంటూ ఇంటికి వెళ్లాను. ఆ క్రిమి చూపిన విధేయతలో సగమైనా నాకుంటే, ‘ఇంకేం ముట్టుకోకు’ అన్న మాట గుర్తుండేది.

శుక్రవారం ఉదయం జుమా నమాజుకు ముందు ల్యాబ్‌కు వెళ్లాను. మూత గట్టిగానే ఉంది. లోపల మాత్రం బియ్యం కడిగిన నీళ్లలా మసక.

నా గుండె షేకర్‌తో పోటీపడి ఊగింది. వేడి చూశాను, సరిగ్గానే ఉంది. మూత మళ్లీ చూశాను. కళ్లద్దాలు తుడుచుకుని చూశాను, అద్దాలు తేటపడ్డాయి గానీ గొట్టం తేటపడలేదు. చేరిన నెలలోనే, నేను కాపలా ఉండగానే, మేడమ్ ప్రోటీను చచ్చిపోతోంది! అదే సమయానికి ఫోను మోగింది. సుజాత మేడమ్.

“ఏం దస్తగిరీ, ఏమైనా మార్పు వచ్చిందా?”

“అబ్బే, లేదు మేడమ్! ఏ మార్పూ లేదు! నిన్న ఎట్లుందో అట్లే ఉంది!”

“అయ్యో... అసలేం రాలేదా?” ఆమె గొంతు దిగులుగా మారింది.

ఆ దిగులు ఎందుకో అడగాలని ఎవరికైనా తోచాలి. నాకు తోచలేదు. పాపం, ఎంత మంచి మనిషి, నా మాట నమ్మడానికి కూడా భయపడుతోంది అనుకున్నాను.

నమాజు అయ్యాక ఎప్పటిలాగే రియాద్‌లోనే మలాజ్ అనే పేటలో మస్తాన్ అన్న గదికి వెళ్లాను. మస్తాన్ అన్న మా ప్రొద్దుటూరు పక్క పల్లెవాడే, ఒక బేకరీకి వ్యాను నడుపుతాడు. ప్రతి శుక్రవారం మా సీమ వాళ్లం కొందరం అక్కడ చేరతాం. హాఫిజ్ సాబ్ కాసేపు ధర్మం చెబుతారు, తర్వాత భోజనం, చివర్లో దువా, అంటే చేతులెత్తి వేడుకోవడం. హాఫిజ్ సాబ్ కడపలో ఎందరో పిల్లలకు ఖురాన్ ఓదడం నేర్పిన పెద్దాయన. దైవగ్రంథం మొత్తం ఆయనకు కంఠతా. ఇప్పుడు కొడుకు దగ్గర మలాజ్‌లోనే ఉంటున్నారు.

“ఏందప్పా దస్తగిరీ, మొకం అట్ల వాడిపోయింది? ఇఖామా పర్మిట్ రెన్యూవల్ గాని ఆగిందా?” అన్నాడు మస్తాన్ అన్న.

“అంతకన్నా పెద్దదన్నా. ప్రోటీను చెడిపోతాంది.”

“ప్రోటీనంటే? కోడిగుడ్డా?”

“కాదన్నా. మనిషి మెదడులో ఉండేది.”

మస్తాన్ అన్న చేతిలో బిరియానీ ముద్ద గాల్లోనే ఆగింది. “మెదడా? ఎవురిదప్పా?”

“ఎవురిదీ కాదు. క్రిముల్తో చేపిస్తాము. ఆ ప్రోటీను ఎట్ల చేయాల్నో మన ఒంట్లో రాసిపెట్టి ఉంటాది. ఆ రాత తీసి క్రిమి లోపల పెడితే, అది సదువుకోని అచ్చం మన మాదిరే చేసిపెడతాది.”

“సుబ్హానల్లా,” అన్నాడు మస్తాన్ అన్న. “మా వాడు తొమ్మిదో తరగతి రెండు తూర్లు సదివినాడు. వాని తలకాయకు ఎక్కనిది క్రిమికి ఎక్కిందంటావు!”

అందరూ నవ్వారు. హాఫిజ్ సాబ్ మాత్రం నన్నే చూస్తూ అడిగారు. “అది చెడిపోతే ఎవరికి నష్టం నాయనా?”

“మా మేడమ్‌కు హజ్రత్. ఆమె చదువంతా దాని మీదనే ఉంది. వణుకు జబ్బు ఎట్ల వస్తాదో కనుక్కోవాలని చూస్తాంది.”

ఆయన ఒళ్లో ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో మూసుకున్నారు. ఆ కుడిచేతిలో జపమాల ఎప్పుడూ ఆయన ప్రమేయం లేకుండానే చిన్నగా టకటకలాడుతూ ఉంటుంది. మేం అందరం చూస్తాం, ఎవరం అడగం.

“ఏమని దువా చేయమంటావు?”

ఇక్కడే పాఠకులారా, నా తెలివి చూడండి. ‘ఏది మంచిదో అది జరగాలని’ అనొచ్చు కదా! అనలేదు. హోటల్లో టీ చెప్పినట్టు, చక్కెర ఎంత, పాలెంత అని వివరంగా చెప్పాను.

“గొట్టంలో మబ్బు పట్టింది హజ్రత్. ఆ మబ్బు పోవాల. నీళ్లు తేటగా అయిపోవాల. ఇంకేమీ వద్దు.”

ఆయన చేతులెత్తారు. మేమూ ఎత్తాం. యజమానీ, ఈ పిల్లవాని గొట్టంలో మబ్బును తొలగించు, నీటిని తేటపరచు అని ఆయన వేడుకుంటే, వ్యాను డ్రైవర్లు, దుకాణాల వాళ్లు, ఏసీ మెకానిక్కులు, అందరూ ఒకే గొంతుతో ఆమీన్ అన్నారు. మస్తాన్ అన్న మరీ గట్టిగా అన్నాడు. ముద్ద పక్కన పెట్టి మరీ అన్నాడు.

శనివారం ధీమాగా వెళ్లాను. షేకర్ మూత తెరిచాను.

పాలు. చిక్కటి పాలు. కాస్త పంచదార వేస్తే తాగేయొచ్చు.

నాకు ముందు భయం వేసింది, తర్వాత రోషం వచ్చింది. ఇంతమంది ఆమీన్ అన్నా మబ్బు పోలేదంటే, దువా చేసి కూర్చుంటే చాలదు, మన ప్రయత్నమూ ఉండాలని అర్థం చేసుకున్నాను. ధర్మం కూడా అదే చెబుతుంది. ధర్మం ఎంత గొప్పదో, దాన్ని అర్థం చేసుకున్నవాడు అంత మొద్దు. వజూ చేసుకుని వచ్చాను. బిస్మిల్లా అని గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్‌లో పెట్టాను. అది గిరగిరా తిరిగే యంత్రం. ఆగేసరికి తెల్లటి మడ్డి అంతా అడుగుకు చేరి గట్టిగా అతుక్కుంది. పైన నీళ్లు కన్నీళ్లంత తేట!

అల్హమ్దులిల్లాహ్! పైనున్న తేటను కొత్త గొట్టంలోకి వంచాను. మడ్డి ఉన్న పాత గొట్టంలో సబ్బు ద్రావణం పోసి, అది పూర్తిగా కరిగేదాకా ఓపిగ్గా ఆగి పారేశాను. గోడ మీద అతికించిన నియమం ప్రకారమే చేశానండోయ్. ‘ఫైబ్రిల్ వ్యర్థాలను డిటర్జెంటుతో కరిగించి మాత్రమే పారవేయవలెను’ అని అక్కడ పెద్ద అక్షరాలతో ఉంది. నియమాలంటే నాకు ప్రాణం.

తేట గొట్టాన్ని ఫ్రిజ్‌లో పెట్టబోయి ఆగాను. ఫ్రిజ్‌లో పెడితే మేడమ్‌కు ఎలా కనబడుతుంది? వచ్చీరాగానే కంట్లో పడాలని ఆమె బల్ల మీదే, దీపం కింద నిలబెట్టాను.

ఆదివారం పొద్దున సుజాత మేడమ్ బ్యాగు భుజాన్నుంచి దించకుండానే వచ్చింది. “ఏదీ?”

నేను వినయంగా తల వంచి, చేత్తో చూపించాను. తల వంచింది మెచ్చుకోలు అందుకోవడానికి.

ఆమె గొట్టాన్ని వెలుగుకు పెట్టి చూసింది. “ఇంత ఊపినా ఏమీ అవలేదా?”

“అయింది మేడమ్! శుక్రవారం మసకేసింది, నిన్నటికి పాలలా అయిపోయింది. ఊరెళ్లారు, కంగారుపడతారని చెప్పలేదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మడ్డంతా తీసేసి శుభ్రం చేశాను.”

“మడ్డి.”

“అవును మేడమ్.”

“ఆ మడ్డి ఎక్కడుంది?”

“సబ్బు నీళ్లలో కరిగించి పారేశాను. ఒక్క రేణువు మిగల్లేదు. ఫైబ్రిల్ వ్యర్థాలకు డిటర్జెంటు వాడాలని గోడ మీద రాసుంది కదా మేడమ్!”

“గోడ మీద ఫైబ్రిల్ అని చదివావు.”

“చదివాను మేడమ్.”

“నువ్వు పారేస్తున్నది ఆ ఫైబ్రిలేనని తట్టలేదా నాయనా?”

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. స్టూలు లాక్కుని కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఊరి బస్సు తప్పిపోయిన మనిషిలా గోడను చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి తనలో తానే అన్నట్టు అంది.

“మా ఆయన అక్కడ పైపుల్లో మడ్డి పేరుకుందని ఏడుస్తాడు. నేనిక్కడ మడ్డి పేరుకోవాలని వారం రోజులు దణ్ణాలు పెట్టుకున్నాను. నువ్వెళ్లి ఆయన దగ్గర చేరాల్సినవాడివయ్యా.”

అప్పుడు చెప్పింది. మనిషి మెదడులో ఈ ప్రోటీను విడివిడిగా, తీరుబడిగా తిరుగుతూ ఉంటుందట. ఎప్పుడో ఒకటి మడత తప్పుతుంది. తప్పినవి కొన్ని ఒకదాని మీద ఒకటి పేర్చుకుని పోగులా పెరుగుతాయి. ఆ పోగే ఫైబ్రిల్. అసలు చిత్రం ఆ తర్వాతే. దాని పక్కకు వచ్చిన మంచి ప్రోటీను కూడా దాన్ని చూసి అలాగే మడతపడి, దాని చివర చేరిపోతుంది. మెదడులో జబ్బు అలా పాకుతుందని వీళ్ల అనుమానం. అందుకే గొట్టంలో కావాలని ఆ పోగుల్ని చేసి, నాడీకణాలకు తగిలించి, జబ్బు మొదలయ్యే తీరు చూడాలి. ఊపేది అందుకు. నీళ్లు పాలలా మారేది అందుకు. నేను కడిగేసిన మడ్డి కోసమే ఆ ప్రయోగశాల అంతా నడుస్తోంది.

వింటుంటే నాకు సిగ్గు కూడా మర్చిపోయేంత విస్మయం కలిగింది. నమాజులో వరుస కట్టేటప్పుడు పక్కవాడి పాదం చూసి మన పాదం సరిచేసుకుంటాం. అదే వరుసలో ముందు నిలబడ్డ ఇమామే దిక్కు తప్పి నిలబడితే? వెనకున్న వందమందీ అంతే శ్రద్ధగా, అంతే క్రమశిక్షణగా తప్పు దిక్కుకే మళ్లుతారు. ఆ గొట్టంలో జరిగింది అదే. ఇంత చిన్న ప్రోటీనులో కూడా జమాత్, వరుస కట్టే గుంపు, ఉంది. ఆ జమాత్ దారి తప్పితే ఒక మనిషి చేయి వణుకుతుంది.

“తెలియదు మేడమ్,” అన్నాను. ఆ ల్యాబ్‌లో ఆ మాట అనడం అదే మొదటిసారి. “నాకు ఏమీ తెలియదు.”

“అది గురువారం చెప్పుండాల్సింది.”

ఇద్దరం డాక్టర్ హుదా గదికి వెళ్లాం. ఆమె అంతా విని, ఇంగ్లీషులో నన్ను ఒకే ప్రశ్న అడిగింది.

“పైన వచ్చిన తేట నీటిని ఫ్రిజ్‌లో పెట్టావా?”

నిజం చెప్పాను. “లేదు డాక్టర్. నేను చేసిన ఘనకార్యం మేడమ్‌కు కనపడాలని బల్ల మీదే పెట్టాను.”

“అదొక్కటే మంచి పని. ఈ పోగులు చలికి విడిపోతాయి.”

పాఠకులారా, సౌదీ ఎండలో నీళ్ల సీసా నుంచి మందు బిళ్ల దాకా అన్నీ ఫ్రిజ్‌లో పెట్టేవాడిని. ఆ ఒక్కటీ పెట్టలేదు. భక్తి వల్ల కాదు, శాస్త్రజ్ఞానం వల్ల కాదు, శుద్ధమైన డాంబికం వల్ల!

డాక్టర్ హుదా సుజాత మేడమ్ వైపు తిరిగింది. “ఆ చిన్న సెంట్రిఫ్యూజ్ పెద్ద పోగుల్నే కిందికి లాగి ఉంటుంది. కంటికి కనిపించని చిన్నవి ఆ తేటలోనే ఉంటాయి. మిగిలిన విడి ప్రోటీను మన డీప్ ఫ్రీజర్‌లో ఉంది కదా. ఈ తేటను అందులో విత్తనంగా కలిపి చూడు. విత్తనం ఉంటే వారం పట్టదు. ఎలా తయారైందో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయాలి. యల్లా, కానివ్వు.”

ఆ మధ్యాహ్నమే కలిపారు. గొట్టం మళ్లీ షేకర్‌లోకి ఎక్కింది. నేను పక్క గదిలోకి వెళ్లి హాఫిజ్ సాబ్‌కు ఫోన్ చేశాను.

“హజ్రత్, ఒక చిన్న మార్పు. మొన్న చేసిన దువా తిప్పి చేయాల.”

“తిప్పి అంటే?”

“మబ్బు పోవాలని అడిగినాము గదా. ఇప్పుడు మబ్బు పట్టాల. చిక్కంగా పట్టాల. పాల మాదిరి.”

“దస్తగిరీ, ఉప్పు ఎక్కువైంది తీయమని, చాల్లేదు వేయమని చెప్పడానికి అల్లా ఏమన్నా మన వంటమాస్టరా?”

“తప్పయింది హజ్రత్.”

“మబ్బు గిబ్బు నేను అడగను. మీ మేడమ్, ఆ బిడ్డ కష్టం వృథా పోకూడదని అడుగుతా. ఎట్ల చేయాల్నో ఆయనకు తెలుసు. నువ్వు కూడా అంతే అడుగు, అడిగి నోరు మూసుకో.”

అలాగే చేశాను. బహుశా నా జీవితంలో వివరాలు చెప్పకుండా చేసిన మొదటి దువా అదే.

సోమవారం మధ్యాహ్నం జుహర్ నమాజు చేసుకుని వచ్చేసరికి సుజాత మేడమ్ షేకర్ ముందు నిలబడి ఉంది. నేను దూరంగానే ఆగిపోయాను. ఆమె గొట్టాన్ని వెలుగుకు ఎత్తింది. పాలు! మొదటిసారి అన్ని రోజులు పట్టినది, ఈసారి ఒక్క రోజులో అయింది. నేను పారేయగా మిగిలిన, కంటికి కనబడని ఆ పిసరు, గొట్టమంతటినీ తన దారికి తెచ్చుకుంది.

“దస్తగిరీ, అక్కడే ఉండు. సెంట్రిఫ్యూజ్ దరిదాపులకి వచ్చావంటే ఊరుకోను,” అంది గానీ, ఆమె నవ్వుతోంది.

పోగులకు అంటుకుంటే వెలిగే రంగు ఒకటుంది. దాన్ని ఒక చుక్క కలిపి చూస్తే ఆకుపచ్చగా వెలిగింది. ఆ తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గదిలో తెర మీద మొదటిసారి వాటిని చూశాను. మేము నూర్‌బాషీలం, దూది ఏకే ఇంటివాళ్లం. మా తాత వింటితో దూది ఏకుతుంటే గాల్లోకి లేచి పరుపు మీద పడే సన్నటి పోగులు ఎలా ఉండేవో, తెర మీద అచ్చం అలాగే ఉన్నాయి. తిన్నగా, పొడుగ్గా, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా. ఎంత అందంగా ఉన్నాయో! జబ్బు ఇంత అందంగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. మలాజ్‌లో ఒక పెద్దాయన ఒళ్లో చేతిని చేత్తో మూసుకోవడం గుర్తొచ్చింది. ఆయన లోపల ఎక్కడో ఇవే పోగులు ఒక్కొక్కటిగా వరుస కడుతున్నాయేమో. ఆ చీకటి గదిలో, తెర ముందు, పెదాలు కదపకుండా సృష్టికర్త పేరు తలుచుకున్నాను. భయంతో తలుచుకున్నానో, ప్రేమతో తలుచుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

“ఏంటయ్యా, ఏడుస్తున్నావా?” అంది సుజాత మేడమ్.

“లేదు మేడమ్. ఇక్కడ ఏసీ ఎక్కువగా ఉంది.”

పోగుల్ని సోనికేటర్ యంత్రంతో చిన్న ముక్కలు చేసి, మంగళవారం ఆమె తన చేతులతో నాడీకణాలకు అందించింది. నన్ను తలుపు బయట నిలబెట్టింది, న్యాయమే. కణాలు వాటిని లోపలికి తీసుకున్నాయి. తర్వాతి వారాల్లో ఆ కణాల సొంత ప్రోటీను కూడా లోపల గుంపులు కట్టడం ఆమె కళ్లారా చూసింది. కాంట్రాక్టు ముగిసేలోపే ఆమె చూడాలనుకున్నది చూసేసింది. ఆమె రాసుకున్న పద్ధతిలో మాత్రం, ఈ పోగులు ముందటి విడత తేటలో మిగిలిన విత్తనంతో తయారయ్యాయని ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆ తేట ఎలా వచ్చిందో రాయకుండా నా పరువు కాపాడింది.

కానీ మలాజ్‌లో నా పరువు కాపాడేవాళ్లెవరూ లేరు. ఆ శుక్రవారం భోజనాల దగ్గర జరిగిందంతా చెప్పాను. మస్తాన్ అన్న ముఖం ఎర్రబడింది.

“అంటే పోయిన వారం మేమంతా గొంతులు చించుకోని ఆమీన్ అన్నది, ఆ తల్లి కొంప మునగాలనా?”

“అట్ల కాదన్నా...”

“ఇంకెట్లప్పా? బంగారం పేరుకుంటా ఉంటే, యా అల్లా ఈ బంగారం తీసెయ్ అని అడిగించినావు గదరా! నయం, మా దువా ఆయన ఇనలేదు కాబట్టి సరిపాయె.”

అందరూ అవునవునన్నారు. నాకూ అదే ఊరట. మన దువా వినకపోవడమే దేవుడి దయ అని నేనూ తల ఊపాను. అప్పుడు హాఫిజ్ సాబ్ గొంతు సవరించుకున్నారు.

“ఎవరన్నారు వినలేదని?”

ఆయన నా వైపు తిరిగారు.

“మనం ఏం అడిగినాము? మబ్బు పోవాల, నీళ్లు తేట కావాల అని. మరుసటి రోజు ఏమైంది నాయనా?”

“తేటగా అయింది హజ్రత్,” అన్నాను నీళ్లు నములుతూ.

“ఎవరి చేతుల మీదుగా?”

“నా చేతుల మీదుగానే.”

“విన్నాడప్పా! అక్షరం పొల్లు పోకుండా విన్నాడు. మనం అడిగింది అడిగినట్టు పూర్తిగా ఇచ్చి ఉంటే ఆ బిడ్డ పని అంతటితో ఆఖరు. మనం మూర్ఖులమని తెలుసు గాబట్టి, అడిగినదాంట్లో ఒక పిసరు తగ్గించి ఇచ్చినాడు. ఆ పిసరే ఆమెను బతికించింది.”

అంటూనే హాఫిజ్ సాబ్ నవ్వడం మొదలుపెట్టారు. ఆయన భుజాలు ఊగేలా నవ్వుతుంటే, మేం ఒక్కొక్కరం అందుకున్నాం. మేడ మీద కాపురముండే ఈజిప్టు ఆయన, ఏం జరిగిందోనని కిందికి దిగివచ్చి తలుపు కొట్టేదాకా నవ్వు ఆగలేదు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట, పూర్తి వజూతో ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట తెలియనిదాన్ని తెలుసనను. మసకగా ఉన్నదాన్ని చూసి, అది ఎందుకు మసకగా ఉందో అడగకుండా ముట్టుకోను. నా సృష్టికర్తకు చక్కెర ఎంత, పాలెంత అని చెప్పను. సెంట్రిఫ్యూజ్ ఉన్న గదిలో నా సొంత తెలివిని వాడను. ఈ చివరి షరతు నాది కాదు, సుజాత మేడమ్ చేర్పించింది.

ఇప్పుడు చేతులెత్తండి, మీ పద్ధతి ఏదైనా సరే. యజమానీ, మెదడు లోపలి మడతల్ని వెతుకుతున్న వాళ్ల కళ్లకు చూపునివ్వు. ఆ మడతలు తప్పి వణుకుతున్న చేతులకు ఊరటనివ్వు. మేం ఏం అడుగుతున్నామో మాకు తెలియదు, నీకు తెలుసు. అందుకని మేం తెలివిమీరి అడిగినప్పుడల్లా, నీ దయతో, ఒక పిసరు తగ్గించి ఇవ్వు.

ఆమీన్ అనండి. కాస్త మెల్లగా అనండి చాలు, పోయినసారి మరీ గట్టిగా అన్నాం.